మిల్లు కూతకు అందేంత దూరం

వరంగల్ చదువుకు మంచి ఊరని, కొలువుకు కాదని చాలాకాలంగా ఒక మాట స్థిరపడిపోయింది. ఇంజినీరింగ్ పట్టా చేతికి రాగానే పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతారు, అక్కడి నుంచి కొందరు బెంగళూరుకు, ఇంకొందరు అమెరికాకు. కారణం అడిగితే ఎవరైనా ఒకటే చెబుతారు: ఇక్కడ పనిలేదు. ఈ మాటలో నిజం ఉంది కాని పూర్తి నిజం లేదు. గత నూట నలభై ఏళ్లలో వరంగల్‌కు ఆ కాలపు కొత్త సాంకేతికత ఒకటికి నాలుగుసార్లు వచ్చింది: రైలు ఇంజన్ల మరమ్మతు, నూలు మిల్లు, ఇంజినీరింగ్ విద్య, ఇటీవలి సాఫ్ట్‌వేర్. వచ్చిన ప్రతిసారీ బయటి జనాన్ని వెంట తెచ్చింది. వాటిలో కొన్ని ఇక్కడే వేళ్లూనుకున్నాయి, కొన్ని మనుషుల్ని తయారుచేసి రైలెక్కించాయి. ఈ తేడా ఎక్కడ వచ్చిందని వెతికితే జీతం కంటే ముందు కనబడేది పనికీ ఇంటికీ మధ్య దూరం. కార్మికుడు ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్నను పనితోపాటే పట్టించుకున్న చోట ఊరు పెరిగింది. దాన్ని గాలికొదిలేసిన చోట ఊరు స్టేషన్‌గా మిగిలింది. వరంగల్ శ్రమ చరిత్రను ఈ వైపు నుంచి చదవాలన్నది నా వాదన.

కాకతీయులు రాజధానిని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మార్చినప్పుడే ఇక్కడ మొదటి పెద్ద తరలింపు జరిగింది. అయితే ఆనాటి శిల్పులు, కమ్మరులు, నేతగాళ్లు ఎక్కడ ఉండేవారో చెప్పే ఆధారాలు మనకు చాలినన్ని లేవు కాబట్టి దాని మీద ఎక్కువ బరువు పెట్టను. ఆధారం కాస్త గట్టిగా దొరికేది నగరంలోని నేతగాళ్ల పేట కొత్తవాడ దగ్గర. మొగల్ సైన్యాలు దక్కన్‌కు దిగిన రోజుల్లో వాటి వెంట తివాచీ నేతగాళ్లు వచ్చి స్థిరపడ్డారని చెప్పుకుంటారు. పందొమ్మిదో శతాబ్దం నాటికి ఓరుగల్లు తివాచీకి దేశం దాటిన పేరుంది. కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ పనికి మొదటి లక్షణం, ఇల్లే కార్ఖానా కావడం. గుంట మగ్గం ఇంటి ముందుగదిలో ఉంటుంది, కండెలు చుట్టే పని వంటింటికీ మగ్గానికీ మధ్య నడుస్తుంది. నేతగాడికి పనికి వెళ్లే దారి అంటూ లేదు. కంపెనీలు పోయాయి, మార్కెట్లు మారాయి, ప్లాస్టిక్ చాపలు వచ్చాయి. అయినా కొత్తవాడలో మగ్గం చప్పుడు పూర్తిగా ఆగలేదు. ఆ మొండి మనుగడలో సొంత గూటికి, సొంత వీధికి ఉన్న వాటా తక్కువది కాదు.

నిజాం రాజ్యపు రైలు సికింద్రాబాద్ నుంచి 1886లో వరంగల్ చేరింది, 1889లో బెజవాడను అందుకుంది. 1929లో కాజీపేట – బల్లార్షా మార్గం పూర్తయ్యాక ఢిల్లీకి, మద్రాసుకు పోయే దారి, సికింద్రాబాద్ దారి ఒకచోట కలిశాయి. ఆ కలయికే కాజీపేటను దర్గా ఉన్న చిన్న ఊరి నుంచి రైల్వే పట్టణంగా మార్చింది. ఇంజన్ షెడ్డు వచ్చింది, దానితో డ్రైవర్లు, ఫైర్‌మెన్లు, ఫిట్టర్లు, గార్డులు వచ్చారు. వీళ్లలో తెలుగువాళ్లే కాదు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు కూడా ఉన్నారు. రైల్వేకు ఒక విషయం మొదటి నుంచీ తెలుసు. అర్ధరాత్రి గూడ్సుబండి ఎక్కాల్సిన డ్రైవరును పిలవడానికి కాల్‌బాయ్ సైకిలు మీద వెళ్లగలిగినంత దగ్గరలో అతని ఇల్లు ఉండాలి. అందుకే షెడ్డుతోపాటు క్వార్టర్లు కట్టారు, ఆస్పత్రి, బడి, ఆటస్థలం, ఇన్‌స్టిట్యూట్ కట్టారు. దయతో కట్టారని అనుకోనక్కర్లేదు, బండ్లు వేళకు నడవాలంటే తప్పదు కాబట్టి కట్టారు. ఫలితం మాత్రం ఊరికి దక్కింది. ఉద్యోగానికని వచ్చిన కుటుంబాలు పదవీ విరమణ తర్వాత కూడా చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లు కట్టుకుని ఉండిపోయాయి. ఇవాళ కాజీపేటలో మూడో తరం, నాలుగో తరం రైల్వే కుటుంబాలు కనిపించడం వెనక ఉన్నది ఈ ఏర్పాటే.

ఇదే సూత్రం ఆజంజాహి మిల్లులో ఇంకా పెద్ద ఎత్తున కనబడుతుంది. 1934లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, ఆయన పెద్దకొడుకు ఆజంజా పేరుతో మొదలైన ఈ మిల్లు వరంగల్‌కు మొదటి పెద్ద పరిశ్రమ. చుట్టూ పత్తి పండే నేల, పక్కనే రైలుపట్టా, చేతిపని తెలిసిన నేత కులాలు, మూడూ ఒకచోట కలిసిన స్థలం అది. కాని పత్తి ఉన్నంత మాత్రాన వేల మంది మూడు షిఫ్టుల్లో రారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన కూలీ తెల్లవారుజాము షిఫ్టుకు నడిచి రాగలగాలి, రాత్రి షిఫ్టు దిగి నడిచి పోగలగాలి. అప్పట్లో సిటీ బస్సు లేదు, సైకిలు అందరి దగ్గరా లేదు. కాబట్టి మిల్లు చుట్టూ వాడలు పుట్టాయి. లేబర్ కాలనీ అన్న పేరు ఇప్పటికీ నగర పటం మీద ఉంది. షిఫ్టు వేళకు మోగే మిల్లు కూత కార్మికుడికే కాదు, ఊరందరికీ గడియారమైంది. ఆ కూత వినబడేంత దూరంలో హోటళ్లు, కల్లు దుకాణాలు, కిరాణా కొట్లు, యూనియన్ ఆఫీసులు, బడులు, గుళ్లు, మసీదులు వచ్చాయి. ఒక పరిశ్రమ ఊరికి ఇవ్వగలిగిన అసలు సంపద ఇదేనని నా నమ్మకం. నెల జీతం నెలతో ఖర్చయిపోతుంది, దాని చుట్టూ అల్లుకున్న వాడ నిలుస్తుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. యజమాని ఇచ్చే ఇల్లు సంకెల కూడా అవుతుంది, పని పోయిన రోజున గూడూ పోతుంది. అది నిజం. ఆజంజాహి మిల్లు 1974లో జాతీయ జౌళి సంస్థ కిందికి వెళ్లింది, పాత యంత్రాలతో, పేరుకుపోయిన నష్టాలతో కునారిల్లి 2002 నాటికి మూతపడింది. కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాల మీద సంతకాలు పెట్టారు. నేలను ముక్కలు చేసి అమ్మారు, భవనాలు కూల్చారు. దీనికంటే కఠినమైన ఉదాహరణ పాత వరంగల్ జిల్లాలోనే, గోదావరి దగ్గర మంగపేట మండలం కమలాపురంలో ఉంది. 1980ల ఆరంభంలో పని మొదలుపెట్టిన రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ తన చుట్టూ ఒక టౌన్‌షిప్‌ను నిర్మించింది. 2014లో ఉత్పత్తి ఆగిపోయాక ఆ కాలనీ ఏళ్ల తరబడి జీతాల కోసం ఎదురుచూసింది. అడవి మధ్యలో ఒకే యజమాని ఉన్న ఊళ్లో పని పోతే పక్క గేటు తట్టే అవకాశం లేదు. కాబట్టి నా వాదనను ఇక్కడ సరిదిద్దుకోవాలి. ఇల్లు పనికి దగ్గరగా ఉంటే సరిపోదు. ఆ ఇల్లు కార్మికుడి చేతిలో ఉండాలి, దాని చుట్టుపక్కల ఒకటికి మించి పనులుండాలి. ఆజంజాహి మిల్లు మూతపడ్డాక అక్కడి కుటుంబాలు కమలాపురం కుటుంబాలంత దిక్కులేనివి కాకపోవడానికి కారణం, వాళ్లు ఉన్నది నగరం మధ్యలో. ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ ఉంది, ఆటో నడుపుకోవచ్చు, కొట్టు పెట్టుకోవచ్చు. మిల్లు జీతం మళ్లీ రాలేదు కాని, ఊరు విడిచి పోవాల్సిన అవసరం అందరికీ పడలేదు.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. మనిషి కూలి ఎక్కువ దొరికే చోటికే పోతాడు, దూరాన్ని లెక్కచేయడు. దీనికి సాక్ష్యంగా సూరత్‌ను, భివండిని, షోలాపూర్‌ను చూపిస్తారు. నిజమే, వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు పొట్ట చేతబట్టుకుని తరతరాలుగా ఆ ఊళ్ల సాంచాల (మరమగ్గాల) దగ్గరికి వలసపోయారు. మగ్గం మీద వారం రోజులు నేస్తే వచ్చేది సాంచా మీద రెండు మూడు రోజుల్లో వస్తే ఎవరు ఆగుతారు? కూలి మాటను నేను కాదనను. కాని వాళ్లు అక్కడ ఎలా బతికారో చూస్తే కథ మరోవైపు తిరుగుతుంది. భివండిలో పద్మానగర్, సూరత్‌లో లింబాయత్, షోలాపూర్ తూర్పు భాగంలోని పేటలు సాంచాల షెడ్లకు కూతవేటు దూరంలో పెరిగిన తెలుగు వాడలు. అక్కడ తెలుగు బడులు నడిచాయి, మార్కండేయ గుళ్లు వెలిశాయి, బతుకమ్మలు పేర్చారు. వెయ్యి కిలోమీటర్లు పోయిన మనిషి కూడా అక్కడికి చేరాక ఇంటికీ పనికీ మధ్య దూరాన్ని మళ్లీ అడుగుల్లోకి తెచ్చుకున్నాడు. మనిషి ఒకసారి ఎంత దూరమైనా వలసపోతాడు, రోజూ మాత్రం పోలేడు. ఈ రెండు దూరాలనూ కలిపేసి చూడటం వల్లే మన విధానాల్లో చాలా పొరపాట్లు జరుగుతున్నాయి.

ఇంజినీరింగ్ విద్య సంగతి వేరు. 1959 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (ఆర్.ఈ.సీ.) దేశంలో ఆ కోవలో మొట్టమొదటిది. సీట్లలో సగం రాష్ట్రానికి, సగం మిగతా దేశానికి. బిహార్ నుంచి, కేరళ నుంచి, బెంగాల్ నుంచి కుర్రవాళ్లు కాజీపేటలో రైలు దిగారు. హాస్టళ్లు, అధ్యాపకుల క్వార్టర్లు, మైదానాలు అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. గదికీ తరగతికీ మధ్య దూరాన్ని ఇంత శ్రద్ధగా తగ్గించిన ఏర్పాటు వరంగల్‌లో మరొకటి లేదు. ఆ విద్యార్థి మాత్రం ఊళ్లో ఉండేది నాలుగైదేళ్లే. ఎందుకంటే ఆవరణ గోడ అవతల అతని చదువుకు తగ్గ కార్ఖానా లేదు. 1980లో కాకతీయ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, తర్వాత ప్రైవేటు కళాశాలలు వరసగా వచ్చాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పల్లెపల్లె నుంచి పిల్లలు ఇంజినీర్లయ్యారు. 2002లో ఆర్.ఈ.సీ. ఎన్.ఐ.టి.గా మారింది. యాదృచ్ఛికమే కావచ్చు, ఆజంజాహి మిల్లు కథ ముగిసిందీ ఆ రోజుల్లోనే. ఊరు పనిచేసే చోటు నుంచి చదువుకునే చోటుగా మారడానికి ఆ కాలాన్నే గుర్తుగా పెట్టుకోవచ్చు. ఈ మార్పును ఆపగలిగిన అవకాశం ఒకటి అంతకు ముందే చేజారింది. 1980ల ఆరంభంలో కాజీపేటకు వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లింది. షెడ్డు ఉంది, నైపుణ్యం ఉన్న కుటుంబాలున్నాయి, రెండడుగుల దూరంలో ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఇవన్నీ ఉన్నచోట ఫ్యాక్టరీ లేకపోవడం ఎంత పెద్ద నష్టమో ఈ ప్రాంతంవాళ్లు నలభై ఏళ్లు చెబుతూనే వచ్చారు. 2023 జూలైలో ప్రధాని కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ఈ మధ్యలో ఒక తరం పట్టభద్రులు, ఒక తరం ఫిట్టర్లు వేరే ఊళ్లలో స్థిరపడిపోయారు.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు తెలంగాణ ఉద్యోగ పటం ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. వరంగల్ మీద దాని ప్రభావం అర్థం కావాలంటే దిక్కులు చూడాలి. వరంగల్ రోడ్డు హైదరాబాద్‌లోకి తూర్పు నుంచి, ఉప్పల్ మీదుగా ప్రవేశిస్తుంది. హైటెక్ సిటీ నగరానికి పడమటి అంచున ఉంది. అంటే వరంగల్ మనిషికి కొత్త కొలువుకూ సొంతూరుకూ మధ్య హైదరాబాద్ వెడల్పు మొత్తం అడ్డంగా పడింది. అంతకు ముందు కాజీపేట నుంచి సీజన్ టికెట్ మీద అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగులుండేవారు, ఇప్పటికీ ఉన్నారు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు. పొద్దున ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. స్టేషన్ చుట్టుపక్కల ఉన్న రైల్వే ఆఫీసులకో, బ్యాంకులకో, సచివాలయానికో అయితే కష్టమే కాని సాధ్యం. మాదాపూర్ అయ్యేసరికి ఆ లెక్క తప్పింది. స్టేషన్ దాటాక ఇంకో ఇరవై కిలోమీటర్ల ట్రాఫిక్, అమెరికా వేళలకు సరిపెట్టిన షిఫ్టులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సీజన్ టికెట్ మీద బతకలేడు. అందుకే ఊరు మారక తప్పలేదు. మారినవాళ్లు కూడా తమ దిక్కును వదల్లేదు. ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ, ఘట్‌కేసర్ వైపు కిరాయి ఇళ్లలో, తర్వాత సొంత ప్లాట్లలో వరంగల్ కుటుంబాలు ఇంతగా కనిపించడానికి కారణం శనివారం సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సెక్కగలగడమే. ఊరికి దగ్గరగా ఉండాలా, ఆఫీసుకు దగ్గరగా ఉండాలా అన్న బేరంలో వాళ్లు ఊరిని ఎంచుకున్నారు, దాని ఖరీదును ఏళ్ల తరబడి బస్సుల్లో నిలబడి చెల్లించారు. నాగోల్ నుంచి మొదలైన మెట్రో 2019 మార్చిలో హైటెక్ సిటీని అందుకున్నాక ఈ తూర్పు పేటల బతుకు కొంత తేలికైంది. పోచారంలో ఇన్ఫోసిస్ పెద్ద ఆవరణ కట్టడంతో వరంగల్ దారిమీదే పనిచేసే వీలు కొందరికి దొరికింది. కాని మొత్తంగా కొలువుల బరువు పడమటనే ఉండిపోయింది.

ఈ నేపథ్యంలో మడికొండను చూడాలి. కాజీపేట దాటాక హైదరాబాద్ దారిలో ఉన్న అక్కడి ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. మూడు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. అప్పుడు మొత్తం ఐటీ రంగమే ఇళ్లలోకి వచ్చిపడింది. హనుమకొండ అపార్ట్‌మెంట్లలో, పరకాల, నర్సంపేట ఇళ్ల ముందుగదుల్లో ల్యాప్‌టాప్‌లు తెరుచుకున్నాయి. ఇక దూరమన్నదే లేదని, మడికొండ అవసరమే లేదని చాలామంది అన్నారు. ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు. కంపెనీలు వారానికి రెండు రోజులన్నాయి, తర్వాత మూడన్నాయి, ఖాళీచేసిన కిరాయి ఇళ్ల కోసం పిల్లలు మళ్లీ వెతుక్కున్నారు. ఇంటి నుంచి పని అన్నది యజమాని ఇచ్చిన వెసులుబాటు అయినంతకాలం అది ఉద్యోగి చేతిలో ఉన్న దూరం కాదు. కొత్తవాడ ఈ విషయంలో మరో హెచ్చరిక కూడా చేస్తుంది. ఇల్లే కార్ఖానా అయినప్పుడు కిరాయి, కరెంటు, భార్యాపిల్లల శ్రమ అన్నీ నేతగాడి ఖాతాలో పడ్డాయి, నూలిచ్చి సరుకు తీసుకుపోయే ఆసామికి ఆ ఖర్చు తగల్లేదు. కాబట్టి ఇంటి నుంచి పనిని అన్ని రోగాలకూ మందుగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించలేను.

మడికొండ మీద వచ్చే అసలైన విమర్శ ఇంకొకటి, దాన్ని తేలిగ్గా తీసెయ్యడం కుదరదు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ మానితే అదే వీధిలో ఇంకొకటి దొరుకుతుంది, జీతం పెరిగేది అలా మారినప్పుడే. వరంగల్‌లో ఉన్నవి కొద్దిపాటి కంపెనీలు, చిన్న కేంద్రాలు, అందులో పనిపోతే మళ్లీ ఉప్పల్ బస్సే గతి. అలాంటప్పుడు తెలివైన కుర్రవాడు ఇక్కడెందుకు ఉండాలి? కమలాపురం అనుభవం ఈ ప్రశ్న పక్కనే నిలబడుతుంది. దీనికి జవాబు వరంగల్ నిర్మాణంలోనే ఉందనుకుంటాను. ఇది మూడు ఊళ్లు కలిసిన నగరం. వరంగల్‌లో మార్కెట్టు, హనుమకొండలో ఆఫీసులు, ఆస్పత్రులు, కళాశాలలు, కాజీపేటలో రైల్వే. మూడింటి మధ్య రోజూ అలుపు లేకుండా తిరగగలిగినంత దూరమే. భర్తకు మడికొండలో పని, భార్యకు ఎం.జి.ఎం. ఆస్పత్రిలోనో కాకతీయ విశ్వవిద్యాలయంలోనో పని ఉన్న కుటుంబంలో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి చీకటి పడేలోపు ఇంటికి రాగలరు. హైదరాబాద్‌లో అలాంటి ఇద్దరి మధ్య ఒకరి ప్రయాణం రోజుకు మూడు గంటలు తినేస్తుంది, చివరికి ఉద్యోగం మానేది ఎక్కువగా భార్యే. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఖ్య ఒక్కదాన్నే పోటీకి పెడితే వరంగల్ ఓడిపోతుంది. ఒక ఇంటి గడపలోంచి నడక, ఆటో, సిటీ బస్సు దూరంలో ఎన్ని రకాల పనులున్నాయన్న లెక్క తీస్తే ఇంత పరిమాణమున్న ఊరికి ఇది చాలా బలమైన స్థితి.

ఆ లెక్కను ఇప్పుడు పరీక్షకు పెడుతున్నది గీసుగొండ, సంగెం మండలాల్లో వెయ్యి ఎకరాలకు పైగా విస్తరించిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్. 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు చెప్పిన ఆశయాల్లో ఒకటి సూరత్, భివండి, షోలాపూర్ వెళ్లినవాళ్లను వెనక్కి తేవడం. తర్వాత కేరళకు చెందిన కైటెక్స్, దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ అక్కడికి వచ్చాయి. ఇవి ఎక్కువగా కుట్టుపని చేసే పరిశ్రమలు, అంటే మహిళలకు కొలువులిచ్చేవి. ఆజంజాహి మిల్లును ఊరి పక్కనే పెట్టారు, దాని చుట్టూ ఊరు పెరిగింది. ఈ పార్కును ఊరికి ఆవల, పొలాల మధ్య పెట్టారు. భూమి చౌకగా, ఒక్కచోట దొరకాలంటే అదే దారి కావచ్చు. కాని భివండిలో పద్మానగర్‌ను కట్టుకుని, పిల్లల్ని అక్కడి బడిలో వేసి, గుడి కట్టుకున్న కుటుంబాన్ని షెడ్డు ఒక్కటి చూపించి వెనక్కి పిలవలేం. పక్కనే సొంతం చేసుకోగల ఇల్లు, బడి, సంత ఉండాలి. నర్సంపేట, పర్వతగిరి, వర్ధన్నపేట పల్లెల ఆడపిల్లలకు షిఫ్టు వేళకు బస్సు ఉండాలి, రాత్రి షిఫ్టు దిగితే ఇంటి ముందు దించే బండి ఉండాలి. కంపెనీ హాస్టల్ ఇస్తే పెళ్లయ్యేదాకా పనిచేస్తారు, పెళ్లయ్యాక హాస్టల్లో ఉండలేరు, నేర్చిన పని అక్కడితో ఆగిపోతుంది. సంగెంలో, గీసుగొండలో ఇళ్ల స్థలాలు రియల్ ఎస్టేట్ చేతుల్లోకి పూర్తిగా పోకముందే కార్మిక కుటుంబాల కోసం కొంత నేల పక్కకు పెట్టడం, వరంగల్ స్టేషన్ నుంచి పార్కు దాకా షిఫ్టులకు సరిపోయే సిటీ బస్సులు వేయడం ప్రభుత్వం ఈ ఏడాదే చేయగల పనులు. షెడ్ల ప్రారంభోత్సవానికి ముందే ఇవి జరగాల్సింది. 1930లలో సిటీ బస్సుల్లేని వరంగల్‌లో ఒక మిల్లు తన కార్మికుల నడకను లెక్కలోకి తీసుకోగలిగింది కాబట్టి, ఇప్పుడు అది అసాధ్యమనే మాటను నేను ఒప్పుకోను.